తోడు పెట్టిన చదువు

పైడితల్లికి చదవడం రాదన్న సంగతి సారిపేట హైస్కూల్లో అందరికీ తెలుసు. పైడితల్లికి పాఠం వచ్చన్న సంగతి మాత్రం ఒక్క ఎస్తేరు టీచరుకే తెలుసు. తొమ్మిదో తరగతికి వచ్చినా ఆ పిల్ల కంటికి అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు. నాలుగో అక్షరం దగ్గరికి వచ్చేసరికి మొదటిది చెయ్యి జారిపోయేది. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం ఆ పాఠాన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టేది కాదు.

తుఫానులో పదిమందిని ఒడ్డుకు చేర్చిన పడవవాడి పాఠం ఒకటి ఉండేది. చివర్లో కలెక్టరు అతనికి శాలువా కప్పుతాడు. ఆ పాఠం ఏళ్ల తరబడి చెప్తున్నా ఏ పిల్లా ఏమీ అడగలేదు. పైడితల్లి అడిగింది.

"పడవ ఏమైపోయింది టీచర్? చివర్లో పడవ లేదు. శాలువా కప్పీసి వెళ్లిపోయారు సరే, మర్నాడు ఆయన వేటకి దేంట్లో వెళ్లాడు?"

ఎస్తేరు టీచరు పాఠం మళ్లీ తిరగేసింది, పడవ ఎక్కడా లేదు. ఇంటికి వెళ్లాక కూడా ఆ పడవ గురించే ఆలోచిస్తూ అన్నం మాడబెట్టుకుంది.

ఆ బడి గేటు మీద 'సహిత విద్యా పాఠశాల' అని రాసి ఉంటుంది. కలిసి చదవడమంటే ఆ బడిలో కలిసి కూర్చోవడమే. ఇబ్బందులున్న పిల్లలకు విడిగా చదువు చెప్పే మిగతా పనంతా ఎస్తేరు టీచరు చూసుకోవాలి. చక్రాల కుర్చీలు రావడానికి కట్టిన ఏటవాలు దారి పక్కనే ఆమెకు చిన్న గది ఇచ్చారు. అందులో ఇసుక పళ్లెం, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు, ఒక్కో మాటే కనపడేలా నడుమ చీల్చిన అట్టముక్కలు ఉండేవి. పైడితల్లి వేలితో ఇసుకలో రాసి, పైకి పలికి, మళ్లీ చెరిపేది. మూడేళ్లలో చిన్న చిన్న మాటలు కూడబలుక్కునే దాకా వచ్చింది. నత్తనడకే, కానీ నడక. పరీక్షల్లో ప్రశ్నలు చదివి, చెప్పిన జవాబు రాసిపెట్టే సహాయకుణ్ణి ఇచ్చే వెసులుబాటు ఎలాగూ ఉంది. ఆ దారిన పదో తరగతి గట్టెక్కుతుందని ఎస్తేరు టీచరు ధైర్యం.

పైడితల్లికి ఆ ధైర్యం చాలలేదు. బస్సు వస్తే బోర్డు చదవలేక పక్కవాళ్లని అడగాలి. ఒకసారి అడిగితే తోటి పిల్లలే తప్పు ఊరి పేరు చెప్పి బస్సెక్కించారు. పార్వతీపురంలో దిగి ఏడుస్తూ నిలబడింది. అందుకే డాక్టర్ త్రినాథ్ బడికి వచ్చిన రోజున అందరికంటే ముందు వరసలో కూర్చున్నది ఆమే.

డాక్టర్ త్రినాథ్ మెదడు శాస్త్రవేత్త. కుర్రతనం, ఉత్సాహం, ఎవరినీ కించపరచని మాట. తల్లిదండ్రులందరి ముందూ ఒక టోపీ తన నెత్తిన పెట్టుకుని పేపరు చదివాడు. వెనక తెర మీద అతని మెదడు బొమ్మలో చిన్న చిన్న దీపాలు ఒక వరసలో వెలిగాయి. పైడితల్లికి ఆ టోపీ పెట్టి అదే పేపరు ఇస్తే దీపాలు చెల్లాచెదురుగా మిణుకుమన్నాయి.

"తెలివి తక్కువై కాదు, దారి వేరు, అంతే" అన్నాడతను. "బాగా చదివే పిల్లల దీపాల వరసని ఈ టోపీలో దాచి, నిద్రపోతున్నప్పుడు ఈ పాప మెదడుకి సన్నగా తాకిస్తూ ఉంటాం. కొన్నాళ్లకి ఈ మెదడు కూడా ఆ వరసకి అలవాటు పడుతుంది."

పైడితల్లి తల్లి నూకరత్నం స్టేషన్ రోడ్డులో టిఫిన్ బండి నడుపుతుంది. ఆమె ముందుకొచ్చి అడిగింది.

"అంటే పాలల్లో తోడు ఏసినట్టా బాబూ? గరిటెడు ఏస్తే కుండంతా తోడుకున్నట్టు?"

త్రినాథ్ ముఖం వెలిగిపోయింది. ఆ యంత్రానికి అప్పటిదాకా ఉన్న పొడవాటి పేరు ఆ పూటతో పోయింది. అందరూ 'తోడు' అనే అనసాగారు.

ఇక తోడు ఎవరిది తీసుకోవాలన్నది మిగిలింది. దానికి స్టాఫ్ రూంలో మీటింగు పెట్టారు. చదవడమంటే ఇష్టమున్న పిల్లలెవరైనా చాలని త్రినాథ్ అన్నాడు. ఎస్తేరు టీచరు పదో తరగతి కరిముల్లా పేరు చెప్పింది. వాడు పకోడీ పొట్లం కాగితం కూడా విప్పి చదివి, సగంలో చిరిగిపోయిన వార్తకి మిగతా సగం తనే కల్పించుకునే రకం. మార్కులు మాత్రం యాభై దాటవు.

హెడ్‌మాస్టరు అప్పలనాయుడు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"టీచరుగారూ, యాభై మార్కుల తోడు వేస్తే యాభై మార్కుల పెరుగే కదండీ తోడుకునేది? ఇంట్లో గేదె పాలు పెట్టుకుని పొడిపాలకి పోతామా? మన సంహిత ఉండగా వేరే మాటెందుకు?"

సంహిత జిల్లా ఫస్టు. మూడో ఏట నుంచీ ఎవరు వచ్చినా కుర్చీ ఎక్కించి పద్యాలు చెప్పించిన పిల్ల. ఏ సత్కారం వచ్చినా, ఏ మంత్రి వచ్చినా, ఏ దీపం వెలిగించాల్సి వచ్చినా ఆ బడిలో ఫస్టు ర్యాంకుదే వంతు. ఆ మర్యాద కొద్దీ దీన్నీ ఆమెకే కట్టబెట్టారు. త్రినాథ్ ఆమెను పరీక్షించాడు. వేగం అమోఘం, తప్పులు సున్నా, పాఠం కింది ప్రశ్నలన్నింటికీ తడుముకోకుండా జవాబులు చెప్పింది. ఇంకేం కావాలనుకున్నాడు పాపం, అతనూ ఇలాంటి ఫస్టు ర్యాంకుల్లోంచే వచ్చినవాడు.

వేరే మాట ఎవరూ అనలేదు. ఎస్తేరు టీచరు రెండోసారి నోరు తెరిచేసరికి టీ వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె టిఫిన్ బండి దగ్గరికి వెళ్లింది. నూకరత్నం పెనం మీద నీళ్లు చల్లుతూ, "నన్నేటి సెయ్యమంటారు టీచరమ్మా?" అని అడిగింది.

"తొందరపడొద్దు రత్నం. ఇంకో ఏడాది ఆగితే ఇసుక పళ్లెంతోనే కొంత వస్తుంది."

"కొంత అంటే?"

ఎస్తేరు టీచరు అబద్ధం చెప్పలేకపోయింది. "చిన్న చిన్న వాక్యాలు. మెల్లగా."

నూకరత్నం అట్టు తిరగేసింది. "నాకు సదువు నేదు. పెన్షన్ ఆఫీసుకెల్తే నా కాయితం నాకు సదివీవోడి కోసం గుమ్మం కాడ కూకుంతాను. నా గుంట కూడా కూకోవాలేటి?"

పక్కనే ప్లేట్లు కడుగుతున్న పైడితల్లి తలెత్తి, "నాకు కావాలి టీచర్" అంది.

ఇంకేం మాట్లాడుతుంది ఎవరైనా? ఎస్తేరు టీచరే పక్కన కూర్చుని ఒప్పుకోలు కాగితం మీద తల్లి చేత వేలిముద్ర వేయించింది.

వానాకాలం అంతా మధ్యాహ్నం భోజనాలయ్యాక పైడితల్లి కంప్యూటర్ గదిలో టోపీ పెట్టుకుని నిద్రపోయేది. దసరా సెలవులకు వారం ముందు ఒకనాడు లేచి, ఎదురుగా గోడ మీది క్యాలెండరు గడగడా చదివేసింది. అమావాస్య, పౌర్ణమి, కింద క్యాలెండరు వేయించిన ఎరువుల కొట్టు చిరునామా, ఫోన్ నంబరు అన్నీ. త్రినాథ్ చేతిలోని గ్లాసులో టీ ఒలికిపోయింది.

ఆ సంతోషం అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు బస్టాండులో చాలాసేపు నిలబడ్డారు. వచ్చిన ప్రతి బస్సు బోర్డూ పైడితల్లి పైకి చదివింది. నూకరత్నం కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ప్రతి బోర్డుకీ తల ఊపింది. ఎస్తేరు టీచరు కూడా అక్కడే ఉంది, ఆమె కూడా ఏడ్చింది. ఏడిపించిన పిల్లలే మర్నాడు పైడితల్లి పక్కన చోటు కోసం తోసుకున్నారు. ప్రార్థనలో వార్తలు చదివే వంతు ఆమెకిచ్చారు. పేపర్లలో ఫోటో వేశారు, మధ్యలో పైడితల్లి, అటు సంహిత, ఇటు హెడ్‌మాస్టరు.

సెలవుల తర్వాత ఎస్తేరు టీచరు సరదాగా ఆ పడవ పాఠమే తీసి, "ఇప్పుడు నువ్వే చదువు, నేను వింటాను" అంది.

పైడితల్లి చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచి, గాలివాన వచ్చినచోట గాలివానలా చదివింది. కలెక్టరు శాలువా కప్పాడు. పాఠం అయిపోయింది. పైడితల్లి పుస్తకం మూసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఎస్తేరు టీచరు ఎదురుచూసింది.

"ఏమీ అడగవా?"

"దేని గురించి టీచర్?"

"పడవ ఏమైంది?"

"పాఠంలో లేదు టీచర్."

"లేదు కాబట్టే అడుగుతున్నాను. ఏమై ఉంటుంది?"

పైడితల్లి పుస్తకం మళ్లీ తెరవకుండానే ఆ చివరి పేరా మొత్తం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. అప్పజెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు చూసింది.

ఎస్తేరు టీచరు ఇంకోలా ప్రయత్నించింది. పుస్తకం పక్కన పెట్టి, మామూలు మాటల్లో, తన చిన్నప్పుడు ఇంట్లోకి వరద వచ్చి మేకపిల్ల కొట్టుకుపోయిన సంగతి చెప్పింది. ఇదివరకైతే ఆ పిల్ల మేక పేరు అడిగేది, ఎవరు ఎక్కువ ఏడ్చారని అడిగేది. ఇప్పుడు శ్రద్ధగా విని, చెప్పమంటే టీచరు మధ్యలో దగ్గిన చోట ఆగి మరీ మొత్తం తిరిగి చెప్పింది.

చెప్పడం అయ్యాక మాత్రం ఒక మాట అంది. "టీచర్, ఇదివరకు మీరు కథ చెప్తుంటే నాకు లోపల ఏదో అయ్యేది. ఇప్పుడు అవట్లేదు. దాన్ని ఏమంటారు?"

ఎస్తేరు టీచరు ఆమె తల దగ్గరికి తీసుకుంది. 

ఈ సంగతి చెబితే త్రినాథ్ ఒప్పుకోలేదు మొదట. తర్వాత సంహితను మళ్లీ పిలిపించి టోపీ పెట్టాడు. ఈసారి పాఠ్యపుస్తకం ఇవ్వలేదు. ఎస్తేరు టీచరు అప్పటికప్పుడు రాసిన ఓ అరపేజీ కథ ఇచ్చాడు. సంహిత ధారగా చదివింది. తెర మీద చూపు దగ్గర దీపం వెలిగింది, జ్ఞాపకం దగ్గర దీపం వెలిగింది. నడుమ చీకటి.

"అక్షరం కంట్లోంచి నేరుగా జ్ఞాపకంలోకి దిగిపోతోంది" అన్నాడు త్రినాథ్, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "మధ్యలో అర్థం అనే స్టేషన్ ఉంది. బండి అక్కడ ఆగడం లేదు."

"మరి మొదట్లో ప్రశ్నలన్నింటికీ జవాబులు చెప్పింది కదా" అంది ఎస్తేరు టీచరు.

"గైడ్లో ఉన్న ప్రశ్నలే అడిగాం."

సంహిత టోపీ తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ తనను ఏమీ అనకముందే తల దించుకుంది. "నాకు ఎప్పుడూ ఇంతే సర్. చదివితే వచ్చేస్తుంది. ఏం వచ్చిందో నాకు తెలీదు. అందరికీ ఇలాగే అనుకున్నాను."

"ఎప్పుడైనా ఎవరికైనా చెప్పావా?"

"ఎవరూ అడగలేదు సర్. ఫస్టు వస్తోంది కదా."

ఆ అమ్మాయి మీద కోపం రాలేదు ఎస్తేరు టీచరుకు. చిన్నప్పుడు కుర్చీ ఎక్కించినవాళ్లు దింపడం మరిచిపోయిన పిల్ల అది. సంహితను పంపేశాక త్రినాథ్ వైపు తిరిగింది.

"పైడితల్లిలో వేసింది తీసేయండి."

"తీయడానికి అక్కడ వేరేగా ఏమీ లేదు టీచర్. ఆమె పాత దారుల మీదే కొత్త దారి పడింది. సంహితకైనా చదువు ఒక్కటే అలా అలవాటైంది. పైడితల్లికి నిద్రలో వేశాం కాబట్టి మాట వినే దారిక్కూడా పాకింది." అతను తెర ఆపేశాడు. "మార్కులు చూశాను. మార్కులే చదువనుకున్నాను. వేరే పిల్లల తోడుతో మళ్లీ మొదలుపెట్టాలి. కొన్నేళ్లు పడుతుంది. పైడితల్లికి మాత్రం ఏమీ చేయలేను."

ఆ కొన్నేళ్లు ఎవరూ ఆగలేదు. పైడితల్లి అర్ధవార్షిక పరీక్షల్లో తనే చదివి, తనే రాసి, క్లాసులో రెండో స్థానంలో నిలిచింది. ప్రశ్నలన్నీ గైడ్లోంచే వచ్చాయి మరి. జిల్లా నుంచి ఒకరు, రాష్ట్రం నుంచి ఒకరు వచ్చి చూసిపోయారు. త్రినాథ్ ఆపమని నివేదిక పంపితే, కొత్త పరిశోధన చేసుకొమ్మని అతన్ని వేరే చోటికి పంపి, యంత్రాన్ని మాత్రం ఇక్కడే ఉంచేశారు. సంహిత దీపాల వరస అందులోనే ఉంది.

సంక్షేమం ఏదైనా ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం మనకు కొత్త కాదు. కొత్త ఉత్తర్వు వచ్చింది. తోడు సౌకర్యం ఉన్న బళ్లలో చదువులో ఇబ్బంది ఉన్న పిల్లలకు పరీక్ష సహాయకుల అవసరం లేదు కనుక ఆ వెసులుబాటు రద్దు. ప్రత్యేక గది కూడా రద్దు, దాన్ని తోడు గదిగా మార్చాలి. అటెండరు ఇసుక పళ్లెం తీసుకెళ్లి అందులోని ఇసుక గులాబీ మొక్క మొదట్లో పోశాడు.

ఎస్తేరు టీచరు ఊరుకోలేదు. విజయనగరం వెళ్లింది, అమరావతి వెళ్లింది. గుమ్మాల ముందు కూర్చుంది. ఇసుక పళ్లెం చేతగాక యంత్రం మీద ఏడుస్తోందన్నారు కొందరు. ఆ ఏడాది ఆమె దగ్గర కొత్తగా చేరిన పదకొండు మంది పిల్లలు ఆమె కళ్ల ముందు తిరుగుతున్నారు. వాళ్లలో ఒకడు లెక్కలు వేళ్ల మీద తప్ప చేయలేడు గానీ పావురాలు ఏ గాలికి ఎటు తిరుగుతాయో గంటసేపు చెప్తాడు. ఎంత తిరిగినా చివరికి ఆమె సాధించగలిగింది ఒక్కటే. ఒప్పుకోలు కాగితంలో హెచ్చరికగా రెండు వాక్యాలు చేర్చారు, ఆ కాగితాన్ని తల్లిదండ్రులకు తప్పనిసరిగా చదివి వినిపించాలన్నారు. వింటే చాలు, ఏ తల్లీ ఒప్పుకోదని ఆమె నమ్మింది.

ఆ కాగితం చదివే రోజు హాలు నిండిపోయింది. పదకొండు మంది పిల్లల తాలూకు వాళ్లు వచ్చారు. చాలామందికి చదువు లేదు. చదివి వినిపించే పని ఎస్తేరు టీచరు చేస్తానంది. అప్పలనాయుడు గారు నవ్వి, "మన పిల్ల ఉండగా మీరెందుకండీ" అని పైడితల్లిని వేదిక మీదికి పిలిచారు.

పైడితల్లి ఇస్త్రీ చేసిన గౌనులో, రెండు జడల్లో మైకు ముందు నిలబడింది. మొదటి పేరా చదివింది. జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. పోయినేడు బస్సు బోర్డు చదవలేక పార్వతీపురంలో తేలిన పిల్ల ఈమేనని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. తర్వాత ఆ రెండు వాక్యాలు వచ్చాయి.

"ఈ చికిత్స తర్వాత విద్యార్థి తాను చదివిన, విన్న విషయాలను గ్రహించే శక్తిని శాశ్వతంగా కోల్పోయే అవకాశం ఉన్నది. దీనిని సరిచేసే మార్గం ప్రస్తుతం లేదు."

గొంతు ఎక్కడా తడబడలేదు. 'శాశ్వతంగా' అన్న మాటని గంట కొట్టినట్టు పలికింది. హాల్లో చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒక తాత కళ్లు తుడుచుకున్నాడు.

నూకరత్నం లేచి నిలబడింది. ఆమె ఆ నెలల్లో సగానికి సగం చిక్కిపోయింది. "అదేటి సదివిందో ఇన్నారా? నా గుంట గురించే. ఇప్పుడు దానికి నాను జొరంతో పడుంటే, అమ్మా నాకు బాగోనేదని సెప్తే, ఆ మాటే నాకు తిరిగి సెప్తాది. నీళ్లు తెచ్చివ్వదు. ఏయించకండి."

 వెనక నుంచి ఒక ఆడమనిషి అంది, "నీ గుంట ఏరు దాటీసింది కదమ్మా. ఇప్పుడు మాకు తెప్ప వొద్దంటావేటి?"

"నీ కూతురు క్లాసులో రెండోది. మా పిల్లలు రాకూడదా?" అని ఇంకొకతను.

"అది కాదు బాబూ..."

ఎస్తేరు టీచరు ముందుకొచ్చి చెప్పింది, గొంతు పోయేలా చెప్పింది. పావురాల పిల్లవాడి తండ్రి ఆమెను మర్యాదగానే అడిగాడు. "టీచరమ్మా, ఏయించకపోతే పరీచ్చల్లో మావోడికి రాసిపెట్టీవోళ్లని ఇస్తారా?"

"ఇప్పుడు ఇవ్వరు."

"మీ గది ఉంతాదా?"

"ఉండదు."

"మరి ఏటి సెయ్యమంటారు?"

 అతను తల వంచుకుని బల్ల దగ్గరికి నడిచాడు. అతని వెనకే మిగతావాళ్లు వరస కట్టారు. సిరా డబ్బా చేతులు మారింది. ఒక్కో వేలూ కాగితం మీద ఒత్తుకుంది. నూకరత్నం గోడకు జారబడి కూర్చుండిపోయింది.

పైడితల్లి వేదిక దిగి వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు కాబట్టి ముఖం కళకళలాడుతోంది. ఎస్తేరు టీచరు ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

"ఇప్పుడు చదివావే, హెచ్చరిక. అది మళ్లీ చెప్పు."

పైడితల్లి చెప్పింది, పొల్లుపోకుండా.

"అది ఎవరి గురించమ్మా?"

పైడితల్లి నిజంగానే ఆలోచించింది. నుదురు ముడిపడింది, పెదవులు కదిలాయి. ఆ కాసేపూ ఎస్తేరు టీచరు ఆ కళ్లలోకి చూసింది.

"విద్యార్థి గురించి టీచర్" అంది పైడితల్లి.